అగ్రరాజ్యాల ప్రచార పోరు: తూకంలో చిక్కులు

ఒక దేశం తన మాటను మరో దేశపు జనం చెవిన వేయడానికి చేసే ప్రయత్నాలన్నిటినీ కలిపి విదేశీ ప్రచారం అంటారు. రేడియో ప్రసారాలు, పత్రికలు, చవక పుస్తకాలు, ప్రదర్శనలు, సంగీత బృందాల పర్యటనలు పైకి కనిపించే భాగం. పత్రికలకు గుట్టుగా డబ్బివ్వడం, దొంగపత్రాలు పుట్టించడం, పుకార్లు వదలడం కనిపించని భాగం. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో, అంటే దాదాపు 1947 నుంచి 1991 దాకా, అమెరికా, సోవియట్ యూనియన్ ఈ రెండింటిలోనూ పోటీపడ్డాయి. ఎవరు ఏం చేశారన్నది ఇవాళ చాలావరకు తెలుసు. దానివల్ల ఎవరి మనసు ఎంత మారిందన్నదే తేలని లెక్క.

తేలకపోవడానికి కారణం మరీ లోతైనదేమీ కాదు. ప్రచారం చేసే సంస్థ వచ్చే ఏటి బడ్జెట్ కోసం తన పని బ్రహ్మాండంగా సాగిందని రాసుకుంటుంది. దాన్ని కనిపెట్టవలసిన ప్రత్యర్థి సంస్థ కూడా తన బడ్జెట్ కోసమే ముప్పు కొండంత ఉందని చెబుతుంది. ఓడిపోయిన రాజకీయ నాయకుడికి విదేశీ హస్తం కంటే సుఖమైన సాకు లేదు. అమ్మేవాడూ కొనేవాడూ ఒకే పళ్లెం మీద చెయ్యి వేసి నొక్కుతున్న తక్కెడ ఇది. అందుకే ఈ విషయం మీద వచ్చే అంకెలను చదివేటప్పుడు అవి ఖర్చును చెబుతున్నాయా, ఫలితాన్ని చెబుతున్నాయా అని ముందు అడగాలి. తొంభై పాళ్లు ఖర్చునే చెబుతాయి.

భారతదేశం: రెండు వైపుల డబ్బు

ఇందుకు మన దేశమే మంచి ఉదాహరణ. సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ దస్త్రాల భాండాగారంలో పనిచేసిన వాసిలీ మిత్రోఖిన్ ఏళ్ల తరబడి చేత్తో నోట్సు రాసుకుని, 1992లో వాటితో బ్రిటన్ చేరాడు. కేంబ్రిడ్జ్ చరిత్రకారుడు క్రిస్టఫర్ ఆండ్రూతో కలిసి వాటి ఆధారంగా వెలువరించిన రెండో సంపుటం 2005లో వచ్చింది. 1973 నాటికి పది భారతీయ పత్రికలు తమ పట్టీలో ఉన్నాయని, భారతీయ పత్రికల్లో 1972లో 3,789 వ్యాసాలు వేయించామని కేజీబీ రాసుకున్నట్టు అందులో ఉంది. 1973లో ఆ సంఖ్య 2,760కి తగ్గి, 1974లో 4,486కి, 1975లో 5,510కి పెరిగింది. పుస్తకం రాగానే ఢిల్లీలో పెద్ద దుమారం రేగింది.

మిత్రోఖిన్ తెచ్చినవి అసలు దస్త్రాలు కావు, నకళ్లు. అసలువి మాస్కోలోనే ఉన్నాయి, సరిచూసే వీలు లేదు. ఆ సంగతి పక్కన పెట్టి, అంకెలు నిజమేననుకుందాం. ఏజెంటు పై అధికారికి పంపిన లెక్క అది. ఎన్ని అచ్చయ్యాయో చెబుతుంది, ఎవరు చదివారో చెప్పదు. చదివినవాడు పేజీ తిప్పేశాడా, నమ్మాడా అనేది అసలే చెప్పదు. పైగా ఆ అంకె శిఖరానికి చేరిన 1975లోనే ఎమర్జెన్సీ వచ్చింది. సోవియట్ పక్షానికి ఇష్టురాలైన ఇందిరా గాంధీ 1977 మార్చి ఎన్నికల్లో రాయ్‌బరేలీలో సైతం ఓడిపోయారు. అదే ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలుచుకుంది. జనతా పార్టీకి దక్కింది నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే. ఉత్తరాదిన కాంగ్రెస్‌ను ఊడ్చేసిన ఓటుకూ తెలుగునాట దాన్ని నిలబెట్టిన ఓటుకూ మధ్య తేడాను కేజీబీ వ్యాసాలతో వివరించాలని ఇంతవరకూ ఎవరూ ప్రయత్నించలేదు, మిత్రోఖిన్ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకున్నవారు కూడా.

రెండో వైపు. 1973–75 మధ్య ఢిల్లీలో అమెరికా రాయబారిగా ఉన్న డేనియల్ పాట్రిక్ మొయినిహాన్ 1978లో అచ్చయిన తన జ్ఞాపకాల పుస్తకంలో, కమ్యూనిస్టులను ఓడించడానికి కేరళలో ఒకసారి, పశ్చిమ బెంగాల్లో ఒకసారి కాంగ్రెస్ పార్టీకి అమెరికా డబ్బు అందిందని, అందులో ఒక విడత అప్పట్లో పార్టీ పదవిలో ఉన్న ఇందిరా గాంధీకే ఇచ్చారని రాశాడు. ఈ రెండు పుస్తకాలూ నిజమే చెబుతున్నాయనుకుంటే, ఒకే పార్టీ రెండు అగ్రరాజ్యాల సొమ్మూ తిన్నదన్నమాట. డబ్బు ఇచ్చినవాడి మాటే చెల్లుతుందనే సూత్రం అక్కడే తలకిందులవుతుంది. రెండు చేతులా పుచ్చుకున్నవాడు ఎవరి మనిషి? తన మనిషే.

1955: మాస్కో సంపాదకీయం, ఆంధ్ర ఎన్నికలు

ప్రచారం ఎక్కడికి గురిపెడితే ఎక్కడ తగులుతుందో తెలియదనడానికి 1955 ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికలను మించిన కథ లేదు. అప్పటికి కమ్యూనిస్టు పార్టీ కోస్తాలో అధికారం అందుకునేంత దగ్గరికి వచ్చిందని అందరి అంచనా. కాంగ్రెస్ మిగతా పక్షాలతో కూటమి కట్టింది. ప్రచారం ముమ్మరంగా సాగుతున్న వేళ, జనవరి 26న సోవియట్ పార్టీ పత్రిక ప్రావ్దా నెహ్రూ ప్రభుత్వ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. ప్రావ్దా చూపు నెహ్రూ మీద ఉంది, ప్రపంచ రాజకీయం మీద ఉంది. ఆంధ్ర కామ్రేడ్ల ఓట్లు దానికి గుర్తున్నాయని అనుకోలేం. కాంగ్రెస్‌వారు ఆ సంపాదకీయాన్ని తెలుగులో అచ్చు వేయించి ఊరూరా పంచారు: మీ మాస్కోనే మా నెహ్రూను పొగుడుతుంటే ఇక మీరెందుకు అని. 196 స్థానాల్లో కమ్యూనిస్టులకు దక్కినవి 15.

అయితే ఈ కథను కూడా మోతాదు మించి వాడకూడదు. ఆ ఎన్నికల్లో కమ్యూనిస్టులకు పడ్డ ఓట్లు 31 శాతం, 1952 కంటే ఎక్కువే. సీట్లు పోయింది ప్రధానంగా ఎదుటివారు ఏకమవడం వల్ల. ప్రావ్దా సంపాదకీయం కమ్యూనిస్టు కార్యకర్తల నోట మాట రాకుండా చేసింది, అది నిజం. ఎన్ని ఓట్లు మార్చిందంటే చెప్పడానికి కొలత లేదు. వెక్కిరించడానికి దొరికిన ముక్క, ఓడించిన ముక్క ఒకటే కానక్కర్లేదు.

రేడియో: కనపడని శ్రోతలు

అమెరికా ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికా 1942లో మొదలై, 1947లో రష్యన్ ప్రసారాలు ఆరంభించింది. దానికి తోడు మ్యూనిక్ నుంచి రెండు ప్రత్యేక కేంద్రాలు పుట్టాయి. తూర్పు యూరప్ కోసం 1950లో రేడియో ఫ్రీ యూరప్, సోవియట్ ప్రజల కోసం స్టాలిన్ చనిపోవడానికి నాలుగు రోజుల ముందు 1953 మార్చి 1న, తర్వాత రేడియో లిబర్టీ అని పేరు పడ్డ కేంద్రం. ఇవి అమెరికన్ పౌరుల చందాలతో నడుస్తున్నాయని చెప్పేవారు. చందాలు వసూలు చేసిన మాట నిజమే కానీ అసలు డబ్బు అమెరికా గూఢచారి సంస్థ సీఐఏది. 1971 జనవరిలో సెనేటర్ క్లిఫర్డ్ కేస్ ఆ గుట్టు బహిరంగంగా విప్పాక, అమెరికా కాంగ్రెస్ వాటికి నేరుగా నిధులివ్వడం మొదలుపెట్టింది. గుట్టు రట్టయినా శ్రోతలు రేడియో కట్టేయలేదు. ప్రాగ్‌లోనో కీవ్‌లోనో అర్ధరాత్రి చెవి ఆనించి వినేవాడికి డబ్బెవరిదన్న సందేహం మొదటి నుంచీ లేదు. స్థానిక రేడియో చెప్పని వార్త ఇది చెబుతోందా లేదా అన్నదే వాడికి కావలసింది.

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ ప్రమాదం జరిగితే సోవియట్ వార్తా సంస్థ టాస్ నాలుగు ముక్కల ప్రకటన ఇచ్చింది 28 సాయంత్రం, అదీ స్వీడన్‌లోని అణు కేంద్రంలో రేడియోధార్మికత బయటపడ్డాక. ఆ వారం పాశ్చాత్య రేడియోలకు పెరిగిన గిరాకీ మ్యూనిక్ సంపాదించినది కాదు, మాస్కో మౌనం సంపాదించి పెట్టినది.

ఈ రేడియోల మీద ఉన్న పెద్ద మచ్చ 1956 హంగరీ. తిరుగుబాటు రోజుల్లో రేడియో ఫ్రీ యూరప్ హంగేరియన్ విభాగం ప్రసారాల్లో కొన్ని, పాశ్చాత్య దేశాల సాయం వస్తుందన్న ఆశ కలిగించేలా ఉన్నాయని సంస్థ సొంత సమీక్షలోనే తేలింది. నవంబర్ 4న సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లోకి వచ్చాయి, సాయం రాలేదు. సుమారు 2,500 మంది హంగేరియన్లు చనిపోయారు. రేడియో వినకపోతే తిరుగుబాటు జరిగేది కాదని గట్టిగా చెప్పగల చరిత్రకారులు లేరు. కానీ ప్రచారానికి ఫలితం ఉండదని తేలిగ్గా కొట్టిపారేసేవారు ఈ వీధుల్లోంచి ఒకసారి నడిచి వెళ్లాలి. తక్కువ తూచడం కూడా తప్పు తూకమే.

శ్రోతలను లెక్కపెట్టడం ఎలా అన్నది ఆ కాలపు ముచ్చటైన సమస్య. సోవియట్ ఊళ్లలోకి వెళ్లి సర్వే చేయలేరు. అందుకని పాశ్చాత్య దేశాలకు వచ్చిన సోవియట్ ప్రయాణికులను మాటల్లో పెట్టి అడిగేవారు. 1972 నుంచి 1990 దాకా అలా 50,000కు పైగా సంభాషణలు పోగుచేశారు. విదేశాలకు వెళ్లనిచ్చేదే పార్టీకి నమ్మకమైనవారిని కనుక, ఆ నమూనాలోని వంకరను సరిదిద్ది, పట్టణాల్లోని పెద్దవాళ్లలో దాదాపు మూడోవంతు ఏదో ఒక పాశ్చాత్య రేడియో వింటున్నారని తేల్చారు. యూనియన్ పతనమయ్యాక దొరికిన సోవియట్ అంతర్గత సర్వేలు దానికి దగ్గరగానే ఉన్నాయి. ఈ రంగంలో ఇంత నిజాయితీగా చేసిన కొలత అరుదు.

అయినా వినడం వేరు, నమ్మడం వేరు. వాయిస్ ఆఫ్ అమెరికాలో బాగా పేరు తెచ్చుకున్న గొంతు విల్లిస్ కానోవర్‌ది. 1955 నుంచి నిదానమైన ఇంగ్లిష్‌లో జాజ్ సంగీతం వినిపించాడు, రాజకీయం జోలికి పోలేదు. ఆ రేడియో అమెరికా లోపలి జనానికి ప్రచారం చేయకూడదని చట్టం ఉండడంతో సొంత దేశంలో అతనెవరో చాలామందికి తెలియదు. అతని శ్రోతలను అమెరికా ఖాతాలో వేయాలా, జాజ్ కళాకారుడు డ్యూక్ ఎల్లింగ్టన్ ఖాతాలో వేయాలా?

అబద్ధానికి అంట్లు కట్టడం

1983 జూలైలో ఢిల్లీ దినపత్రిక పేట్రియాట్‌లో ఒక లేఖ అచ్చయింది. రాసినవాడు పేరు చెప్పని అమెరికన్ శాస్త్రవేత్త. ఎయిడ్స్ రోగాన్ని అమెరికా సైన్యం మేరీలాండ్‌లోని ఫోర్ట్ డెట్రిక్ ప్రయోగశాలలో తయారు చేసిందని, తర్వాతి ప్రయోగాలు పాకిస్తాన్‌లో జరగబోతున్నాయని, ముప్పు భారతదేశానికి కూడా రావచ్చని దాని సారాంశం. పాకిస్తాన్ ప్రస్తావన ఊరికే చేర్చలేదు. ఢిల్లీ పాఠకుడి గుండె ఎక్కడ తడుముకుంటుందో తెలిసినవాడు రాసిన లేఖ అది. ఆ పత్రిక సోవియట్ అనుకూలమని పేరు. లేఖను అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

రెండేళ్లు ఆగి, 1985 అక్టోబర్‌లో మాస్కో వారపత్రిక లితెరాతూర్నయా గజెతా అదే కథను ఎత్తుకుంది. ఆధారం? భారతదేశపు పత్రిక. తోటలో ఒక చెట్టు కొమ్మను ఇంకో కాండానికి అంటు కట్టినట్టు, మాస్కో అబద్ధం ఢిల్లీ వేరు మీద నిలబడింది. తూర్పు బెర్లిన్ శాస్త్రవేత్త యాకోబ్ సేగల్ దానికి శాస్త్రీయమైన తొడుగు తొడిగాడు. 1987 నాటికి 80కి పైగా దేశాల్లో, 30కి పైగా భాషల్లో ఆ కథ అచ్చయింది. అమెరికా గట్టిగా అభ్యంతరం చెప్పడంతో, ఎయిడ్స్ పరిశోధనలో అమెరికా సాయం కూడా అవసరం కావడంతో, గోర్బచోవ్ ప్రభుత్వం వెనక్కు తగ్గింది. ఇందులో కేజీబీ చెయ్యి ఉందని 1992లో రష్యా గూఢచారి సంస్థ అధిపతి యెవ్గెనీ ప్రిమాకోవ్ ఒప్పుకున్నారు.

విజయమే అనిపిస్తుంది. 2005లో అచ్చయిన ఒక అమెరికన్ సర్వేలో నల్లజాతివారిలో దాదాపు సగం మంది హెచ్‌ఐవీ మనుషులు తయారు చేసిందేనని నమ్ముతున్నట్టు తేలింది. కానీ అది కేజీబీ పంటేనా? అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా అమెరికా ప్రజారోగ్య శాఖ సిఫిలిస్ సోకిన 399 మంది నల్లజాతి పురుషులకు, పెన్సిలిన్ వచ్చాక కూడా, వైద్యం ఇవ్వకుండా రోగం ఎలా ముదురుతుందో గమనిస్తూ కూర్చుంది. ఆ సంగతి తెలిసిన కుటుంబానికి ప్రభుత్వం రోగం పుట్టించిందని నమ్మడానికి మాస్కో అవసరం లేదు. విత్తనం ఎవరిదో తెలిసింది. నేలను దున్ని ఉంచినవాడు వేరు.

ఇంటర్నెట్ కాలంలో కథ వేగం పెరిగింది, తూకం చిక్కు అలాగే ఉంది. 2016 అమెరికా ఎన్నికల ముందు రష్యన్ సంస్థ ఇంటర్నెట్ రీసెర్చ్ ఏజెన్సీ పెట్టిన పోస్టులు 12.6 కోట్ల మంది దాకా చూసి ఉండవచ్చని ఫేస్‌బుక్ చెప్పింది. ఆ అంకె ఏళ్ల తరబడి పత్రికల్లో మోగింది. 2023లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ట్విటర్‌లో సుమారు 1,500 మంది అమెరికన్లను పరిశీలిస్తే, రష్యన్ ఖాతాల పోస్టులు కనపడ్డ సందర్భాల్లో 70 శాతం ఒక్క శాతం మందికే చెందినవి. వాళ్లు అప్పటికే గట్టి రిపబ్లికన్లు. అభిప్రాయాలు మారిన జాడ దొరకలేదు. ఇది ట్విటర్ మాటే. ఆ ఎన్నికల వేళ డెమొక్రాట్ల నుంచి దొంగిలించిన ఈమెయిళ్లను బయటపెట్టడం వల్ల ఏం జరిగిందో ఈ అధ్యయనం చెప్పదు.

అమెరికా కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. కోవిడ్ కాలంలో, 2020 నుంచి 2021 మధ్య దాకా, ఫిలిప్పీన్స్‌లో చైనా టీకా సినోవాక్ మీద అనుమానాలు రేపడానికి అమెరికా సైన్యం దొంగ ఖాతాలతో ప్రచారం నడిపిందని 2024 జూన్‌లో రాయిటర్స్ బయటపెట్టింది. ఫోర్ట్ డెట్రిక్ కథను దశాబ్దాలుగా ఖండిస్తూ వచ్చిన ప్రభుత్వం, రోగం పేరు చెప్పి భయపెట్టే అదే పాఠాన్ని తిరగేసి వాడింది.

నిజం చెప్పి కొట్టిన దెబ్బలు

ప్రచారం అనగానే అబద్ధం గుర్తుకు రావడం మన భాషా అలవాటు. ప్రచ్ఛన్న యుద్ధంలో అమెరికాను ఎక్కువగా ఇరుకున పెట్టిన సోవియట్ ప్రచారం నిజమైనదే: నల్లజాతివారి మీద సాగుతున్న వివక్ష. పాఠశాలల్లో జాతుల వేర్పాటు మీద నడుస్తున్న బ్రౌన్ కేసులో 1952 డిసెంబర్‌లో అమెరికా న్యాయశాఖ, ఈ వివక్ష విదేశాల్లో దేశం పరువు తీస్తోందని సుప్రీంకోర్టుకు రాతపూర్వకంగా చెప్పుకుంది. 1954 మేలో వేర్పాటు చెల్లదని తీర్పు వచ్చిన వెంటనే వాయిస్ ఆఫ్ అమెరికా దాన్ని ప్రపంచమంతా చాటింది. 1957లో లిటిల్ రాక్‌లో నల్లపిల్లలను బడిలోకి రానివ్వకుండా అడ్డుకున్నప్పుడు, ప్రభుత్వం తరఫున సోవియట్ పర్యటనకు వెళ్లవలసిన జాజ్ కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వెళ్లనని తెగేసి చెప్పాడు. ప్రత్యర్థి ఎత్తిపొడుపు ఒక దేశం తన ఇల్లు చక్కబెట్టుకోవడానికి తోడ్పడింది. దీన్ని విదేశీ జోక్యం అనే గంపలో వేస్తే ఆ మాటకు అర్థం చెడుతుంది.

పుస్తకాల యుద్ధం

బోరిస్ పాస్తర్నాక్ డాక్టర్ జివాగో నవలను సోవియట్ యూనియన్‌లో అచ్చు వేయనివ్వలేదు. 1957 నవంబర్‌లో మిలాన్‌లో ఇటాలియన్ అనువాదం వచ్చింది. 1958 బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనకు సోవియట్ యాత్రికులు వస్తారని తెలిసి సీఐఏ నెదర్లాండ్స్‌లో రష్యన్ మూలాన్ని గుట్టుగా అచ్చు వేయించింది. వాటికన్ మండపంలో ఆ ప్రతులు పంచారు. పుచ్చుకున్నవాళ్లు నీలిగుడ్డ అట్టలు అక్కడికక్కడే చించేసి, పుస్తకాన్ని ముక్కలు చేసి జేబుల్లో కుక్కుకున్నారట. నేల మీద నీలి అట్టలు పడి ఉండేవట. ఆ అక్టోబర్‌లో నోబెల్ వచ్చింది, ఒత్తిడి భరించలేక పాస్తర్నాక్ వద్దన్నాడు. సీఐఏ పత్రాలు 2014లో బహిరంగమయ్యాయి. అచ్చు ఖర్చు ఎవరు పెట్టుకున్నా నవలలో ఒక్క వాక్యం మారలేదు. దానికి ఇంత బలమిచ్చింది పంచినవాడి తెలివి కంటే నిషేధించినవాడి భయం.

బొంబాయిలో 1955లో పుట్టిన ఇంగ్లిష్ పత్రిక క్వెస్ట్‌ది ఇంకో తీరు. నిస్సిం ఎజెకీల్ దాని తొలి సంపాదకుడు. దానికి సాయమందించిన కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్ వెనక సీఐఏ ఉందని 1966–67లో బయటపడ్డప్పుడు, అదే సాయం పొందిన లండన్ పత్రిక ఎన్‌కౌంటర్ సంపాదకుడు స్టీఫెన్ స్పెండర్ రాజీనామా చేశాడు. క్వెస్ట్ రచయితలు అమ్ముడుపోయారని మన దగ్గర చాలామంది ఎద్దేవా చేశారు. ఆ పత్రిక చివరికి ఎమర్జెన్సీ కాలంలో, 1976లో ఆగిపోయింది. దాని పుట్టుకకు మాత్రమే మార్కులు వేసేవారు ఈ ముగింపును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తెలుగు పాఠకులకు ఈ యుద్ధం చేతికి అందింది సోవియట్ పుస్తకాల రూపంలో. మాస్కోలో ప్రగతి ప్రచురణాలయం, తర్వాత రాదుగ, తెలుగు అనువాదాలు అచ్చు వేసి పంపేవి. ఉప్పల లక్ష్మణరావు వంటి రచయితలు అక్కడే ఉండి అనువదించారు. గట్టి అట్ట, రంగుల బొమ్మలు, రూపాయల్లో లెక్కపెట్టనక్కర్లేని ధర. విశాలాంధ్ర దుకాణంలో ఆ వెలకు మన పుస్తకం దొరికేది కాదు. శ్రీశ్రీ ఖడ్గసృష్టికి సోవియట్ ల్యాండ్ నెహ్రూ అవార్డు వచ్చింది. రెండో వైపు ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో మద్రాసులో దక్షిణాది భాషల పుస్తక సంస్థ ఒకటి తెలుగు పుస్తకాలకు ఊతమిచ్చింది. గోధుమల సాయానికి బదులుగా పోగైన రూపాయలతో 1960లలో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం మన పుస్తకాలనే కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపింది. ఇక్కడ దొరకని పాత తెలుగు పుస్తకం కోసం పరిశోధకులు ఇవాళ ఆ అల్మారాల వైపు చూడవలసి రావడం ఎవరూ అనుకోని ఫలితం.

సోవియట్ పుస్తకాలు తెలుగువాళ్లను కమ్యూనిస్టులను చేశాయా? కాలక్రమం ఆ మాటకు ఎదురు తిరుగుతుంది. తెలంగాణ సాయుధ పోరాటం 1946–51 నాటిది. క్రొవ్విడి లింగరాజు గోర్కీ 'అమ్మ'ను తెలుగు చేసింది ఈ అనువాద వ్యవస్థ ఏర్పడకముందే. పుస్తకాలు కట్టలు కట్టలుగా వచ్చిన దశాబ్దాల్లో పార్టీ రెండుగా, ఆపై మరిన్ని ముక్కలుగా చీలింది. ఆకలి ముందే ఉంది, వడ్డన తర్వాత వచ్చింది. వడ్డన పెరిగేకొద్దీ పార్టీ బలం పెరగలేదు.

1991 తర్వాత ఆ పుస్తకాలు రావడం ఆగిపోయింది. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత ప్రతి దొరికితే జనం చిన్నప్పటి బొమ్మల కోసం కొంటారు. మాస్కోలో మీర్ ప్రచురణాలయం అచ్చు వేసిన ఇరొడోవ్ భౌతికశాస్త్ర లెక్కల పుస్తకం మాత్రం భారతీయ పునర్ముద్రణలో నేటికీ అమ్ముడవుతోంది. ఐఐటీ కోచింగ్‌లో దాని మీద తల పట్టుకు కూర్చున్న కుర్రవాడికి సోవియట్ యూనియన్ అనే దేశం ఉండేదన్న సంగతి అక్కర్లేదు.